కళ్ళు తెరవలేదు, కానీ అన్నీ వింటోంది: ఒక కట్లపాము కాటు కేసు

పేషెంట్ 31 ఏళ్ళ మహిళ. కృష్ణా డెల్టాలో పొలం పనులకు వెళ్ళే కూలీ. ఆగస్టు నెల, నాట్లు జోరుగా సాగుతున్న రోజులు. అంతకుముందు షుగర్, బీపీ, ఫిట్స్ లాంటివేమీ లేవు. తెల్లవారుజామున 4:50కి 108లో మా క్యాజువాల్టీకి తీసుకొచ్చారు. మనిషిని గుర్తుపట్టే వివరాలు మార్చి రాస్తున్నాను.

డెల్టాలో పనిచేసే నర్సులకు పాముకాటు కేసులు కొత్త కాదు. 2018లో దివిసీమలో కాట్లు మరీ ఎక్కువైతే మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి గుడిలో సర్పశాంతి యాగం కూడా చేయించారు. 2000 నుంచి 2019 దాకా దేశంలో పాముకాటుతో దాదాపు 12 లక్షల మంది చనిపోయి ఉంటారని 2020లో వచ్చిన ఒక అధ్యయనం అంచనా వేసింది. ఏడాదికి సగటున 58 వేలు. ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. కాబట్టి కాటు గురించో, వేసిన మందుల గురించో చెప్పాలని ఇది రాయడం లేదు. ఈమె ఒంట్లో దాదాపు రెండు రోజులు ఒక్క కండరం కదల్లేదు. కంటిపాపలు వెలుతురుకి స్పందించలేదు. చూసినవాళ్ళు ఆశ వదులుకున్నారు. ఆ రెండు రోజులూ ఆమెకు స్పృహ ఉంది. నా దృష్టిలో కేసంతా అక్కడే ఉంది.

క్యాజువాల్టీలో

భర్త చెప్పింది ఇది. రాత్రి పిల్లలతో కలిసి నేల మీద చాప వేసుకుని పడుకుంది. రెండింటికి కడుపునొప్పితో లేచింది, రెండుసార్లు వాంతయింది. గ్యాస్ అనుకుని ఇంట్లో ఉన్న మాత్ర వేసుకుంది. తగ్గకపోతే మూడున్నరకి ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గరికి తీసుకెళ్తే గ్యాస్‌కి ఇంజెక్షన్ చేశాడు. కాసేపటికి కళ్ళు మూతలు పడటం మొదలైంది. "నొప్పి తగ్గి నిద్దరొస్తుందనుకున్నామండీ" అన్నాడు. నీళ్ళు తాగిస్తే ముక్కులోంచి వచ్చాయి. అప్పుడు భయపడి 108కి ఫోన్ చేశారు. పాము సంగతి ఎవరూ ఎత్తలేదు, ఎవరూ చూడలేదు కాబట్టి.

కట్లపాముతో వచ్చే చిక్కే అది. రాత్రిపూట తిరుగుతుంది, నేల మీద పడుకున్నవాళ్ళని నిద్రలో కాటేస్తుంది. పెద్దగా నొప్పి ఉండదు, వాపు ఉండదు, చాలాసార్లు గాటు కూడా కనబడదు. నాగుపాము, రక్తపింజర కాటు అయితే కాలో చెయ్యో వాచి, చూడగానే తెలిసిపోతుంది. ఇక్కడ కడుపునొప్పి ఒక్కటే మొదటి గుర్తు. నేల మీద పడుకున్న మనిషి తెల్లవారుజామున కడుపునొప్పి, వాంతులతో వచ్చి, కనురెప్పలు వాలుతుంటే, వేరే కారణం రుజువయ్యేదాకా దాన్ని కట్లపాము కాటుగానే చూడాలి. మా క్యాజువాల్టీలో కొత్తగా చేరే ప్రతి స్టాఫ్‌కీ మొదట చెప్పేది ఇదే.

రాగానే చేసే మొదటి పరీక్షలో (ట్రయాజ్) నోట్ చేసినవి: పల్స్ 118, బీపీ 160/100, శ్వాస నిమిషానికి 26 కానీ లోతు లేదు, ఆక్సిజన్ పెట్టకుండా రక్తంలో ఆక్సిజన్ శాతం (శాచురేషన్) 93. రెండు రెప్పలూ సగం పైగా వాలిపోయి ఉన్నాయి. వేలు చూపిస్తే కళ్ళు పక్కలకు తిరగడం లేదు. మాట ముక్కుతో వస్తోంది. తల దిండు మీంచి ఎత్తమంటే ఎత్తలేకపోయింది. గట్టిగా ఊపిరి పీల్చుకుని, ఆ ఒక్క ఊపిరిలో ఒకటి, రెండు అని పైకి లెక్కపెట్టమంటే 9 దగ్గర ఆగింది. చేతులు, కాళ్ళు ఇంకా బాగానే కదులుతున్నాయి. పైనుంచి కిందికి దిగే పక్షవాతం అన్నమాట. కాళ్ళ నుంచి పైకి పాకితే వేరే జబ్బు గురించి ఆలోచిస్తాం. పురుగుల మందు కేసయితే కంటిపాపలు సూదిమొనంత చిన్నవై, నోట్లోంచి నురగ, ఒళ్ళంతా చెమట ఉంటాయి. ఇక్కడ అవేవీ లేవు.

టార్చి పెట్టి వేళ్ళ సందులు, చెవుల వెనక, జుట్టు మొదళ్ళు, వీపు అన్నీ వెతికాం. గాటు దొరకలేదు. డ్యూటీ డాక్టర్ దాని కోసం ఆగలేదు. రక్తం గడ్డకట్టే పరీక్షకి 2 మి.లీ. తీసి గాజు ట్యూబులో పెట్టి పక్కన ఉంచాను. 20 నిమిషాలు కదపకూడదు. ట్యూబు కొత్తదై ఉండాలి, గాజుదే అయి ఉండాలి. సబ్బుతో కడిగిన ట్యూబులోనో ప్లాస్టిక్ ట్యూబులోనో రక్తం సరిగ్గా గడ్డకట్టదు, దాన్ని చూసి, రక్తాన్ని గడ్డకట్టనివ్వని రక్తపింజర కాటని పొరపడతారు. అందుకే నాలుగు గాజు ట్యూబులు విడిగా డబ్బాలో పెట్టి ఎమర్జెన్సీ ట్రాలీ కింది అరలో ఉంచుతాం, ల్యాబ్ వాళ్ళకి ఇవ్వం. ఈమెకి రక్తం మామూలుగానే గడ్డకట్టింది. కట్లపాము కాటులో అలాగే ఉంటుంది.

పాము విషానికి విరుగుడు మందు, ఏఎస్‌వీ, 10 వయల్స్ (చిన్న సీసాలు) ఇచ్చారు. రోగి బరువును బట్టి డోసు మారదు, చిన్నపిల్లలకైనా ఇంతే. టెస్ట్ డోసు వేయకూడదు, దానివల్ల తెలిసేదేమీ లేదు. పొడిగా ఉన్న ఒక్కో వయల్‌లో 10 మి.లీ. డిస్టిల్డ్ వాటర్ కలపాలి. గట్టిగా కుదిపితే నురగ వస్తుంది, చేతుల మధ్య మెల్లగా తిప్పాలి. పది వయల్స్ కలపడానికి ఇద్దరు స్టాఫ్ కావాలి, ఒక్కరే ఉంటే పది నిమిషాలు పోతాయి. ఆ పది నిమిషాలు పేషెంట్ దగ్గర ఎవరూ ఉండరు. రాత్రి డ్యూటీలో సిబ్బంది తక్కువైతే ఏమవుతుందో అడిగేవాళ్ళకి నేను చెప్పే ఉదాహరణ ఇదే. ఆ రోజు వార్డు నుంచి ఒక సిస్టర్ పరిగెత్తుకొచ్చి చేయి వేసింది కాబట్టి సరిపోయింది.

5:20కి డ్రిప్ మొదలైంది. మొదటి పావుగంట చాలా నెమ్మదిగా ఎక్కించాం. ఏఎస్‌వీ పడక రియాక్షన్ వస్తే వేయడానికి అడ్రినలిన్ 0.5 మి.గ్రా. సిరంజిలో లోడ్ చేసి మంచం పక్కనే పెట్టుకున్నాం. పావుగంటకి మెడ మీద, పొట్ట మీద దద్దుర్లు వచ్చాయి. మామూలు మనిషయితే "దురద సిస్టర్" అని చెబుతాడు. ఈమెకి మాట సరిగా రావడం లేదు, గోక్కోవడానికి చేతులు బలహీనపడుతున్నాయి. బట్ట తొలగించి చూడకపోతే తెలిసేది కాదు. డ్రిప్ ఆపి, తొడ బయటి వైపు కండరంలోకి అడ్రినలిన్ వేశాం, యాంటీహిస్టమిన్, స్టెరాయిడ్ కూడా ఇచ్చాం. తగ్గాక మళ్ళీ నెమ్మదిగా మొదలుపెట్టాం. రియాక్షన్ వచ్చిందని ఏఎస్‌వీ పూర్తిగా ఆపేయకూడదు.

కండరాలకి బలం తిరిగొస్తుందేమోనని నియోస్టిగ్మిన్, దానికి తోడుగా అట్రోపిన్ ఒక్కసారి వేసి చూశారు. రెప్పలు లేవలేదు, ఇక వేయలేదు. నాగుపాము విషం, నరం పంపే సంకేతాన్ని కండరం అందుకునే చోటుని అడ్డుకుంటుంది, నియోస్టిగ్మిన్‌తో ఆ అడ్డు కొంత విడుస్తుంది. కట్లపాము విషం నరం చివరనే దెబ్బతీస్తుంది. ఆ చివరలు మళ్ళీ పెరిగితేనే కండరం కదులుతుంది, దానికి రోజులు పడుతుంది. ఇంకా నరానికి అంటని విషాన్నే ఏఎస్‌వీ పట్టుకుంటుంది, అంటుకున్నదాన్ని విడిపించలేదు. అందుకే కట్లపాము కాటులో ప్రాణం నిలబెట్టేది చివరికి వెంటిలేటరే.

ఆక్సిజన్ మాస్క్ మీద శాచురేషన్ 98 చూపిస్తోంది. ఆ అంకె చూసి కూర్చుంటే మునిగిపోతాం. నేను చూసింది లెక్కపెట్టే అంకె: 9 నుంచి 7, తర్వాత 4. నోట్లో ఉమ్మి నిలుస్తోంది, మింగలేకపోతోంది. పక్కకి తిప్పి పడుకోబెట్టి, పైపుతో ఉమ్మి లాగేస్తూ (సక్షన్), 4కి రాగానే డాక్టర్‌ని పిలిచాను. 6:45కి గొంతులో ట్యూబు వేసి వెంటిలేటర్ మీద పెట్టారు. రెండో విడత 10 వయల్స్ ఐసీయూలో ఎక్కాయి. మొత్తం 20, అక్కడితో ఆపారు. బయట బంధువులు "ఇంకో పది వేయండి, డబ్బులు కడతాం" అని డాక్టర్ వెంటపడ్డారు. వేసినా ఉపయోగం లేదని నచ్చజెప్పడానికి చాలాసేపు పట్టింది.

ఐసీయూలో

ఆ రాత్రికి చేతివేళ్ళు కూడా ఆగిపోయాయి. రెండో రోజు ఉదయం రౌండ్స్‌లో కంటిపాపలు రెండూ పెద్దవై 6 మి.మీ. ఉన్నాయి, టార్చి వేస్తే స్పందన లేదు. తల తిప్పితే కళ్ళు కదలడం లేదు. సక్షన్ పైపు లోపలికి పోతే దగ్గు లేదు. గిల్లితే ఏమీ లేదు. కేస్ షీట్ చూడకుండా మంచం దగ్గరికి వచ్చిన ఏ డాక్టరైనా మెదడు పోయిందనే అనుకుంటాడు. మెదడుకి సీటీ స్కాన్ తీశారు, నార్మల్‌గా ఉంది. సీనియర్ డాక్టర్ ఒక్క మాట రాశారు: "విషం వల్ల పూర్తి పక్షవాతం. స్పృహ ఉన్నట్టే భావించాలి." బ్రెయిన్ డెత్ పరీక్షలకి ముందు విషం, మత్తుమందులు, కండరాల పక్షవాతం లాంటి కారణాలేవీ లేవని తేల్చుకోవాలన్నది అందరికీ తెలిసిన నియమమే. కానీ నియమం తెలియడం వేరు, కళ్ళెదుట కదలని మనిషిని పెట్టుకుని దాన్ని గుర్తుంచుకోవడం వేరు.

"స్పృహ ఉన్నట్టే భావించాలి" అనే ఆర్డర్‌ని అమలుచేసేది నర్సు. మందయితే టైము ప్రకారం వేసి సంతకం పెడతాం. దీనికి చార్టులో గడి లేదు. మేం చేసింది రాస్తాను.

ముందుగా, మంచం దగ్గర మాటలు. షిఫ్ట్ మారేటప్పుడు హ్యాండోవర్ మంచం పక్కనే నిలబడి ఇస్తాం. "పాపలు ఫిక్స్‌డ్, రెస్పాన్స్ లేదు, బంధువులు తీసుకెళ్తామంటున్నారు" అని ఆమె తలమీదుగానే చెప్పుకుంటాం. అలవాటైపోయిన పని అది. ఆ భాగాన్ని నర్సింగ్ స్టేషన్‌కి మార్చాం. మంచం దగ్గర చెప్పేది ఆమెతో చెప్పినట్టే చెప్పాలని ఇన్‌ఛార్జి సిస్టర్ అన్నారు. "అమ్మా, తెల్లారింది. ఇవాళ బుధవారం. నువ్వు హాస్పిటల్లో ఉన్నావు. పాము కరిచింది. విషం వల్ల ఒళ్ళు కదలడం లేదు. నాలుగైదు రోజుల్లో మళ్ళీ వస్తుంది. ఊపిరి మిషన్ తీస్తోంది, నువ్వు కష్టపడక్కర్లేదు." ప్రతి షిఫ్ట్ మొదట్లో ఇదే చెప్పాం. మొదట్లో కొందరు స్టాఫ్‌కి నవ్వొచ్చింది, కదలని మనిషితో వారం పేరు చెప్పడం ఏమిటని. మూడో రోజుకి ఆ నవ్వు పోయింది.

రెండోది, ముట్టుకునే ముందు చెప్పడం. సక్షన్‌కి ముందు "ఇప్పుడు పైపు పెడతాను, పది సెకన్లు ఊపిరి ఆడనట్టు ఉంటుంది" అని. సూదికి ముందు, పక్కకి తిప్పే ముందు, రెప్ప ఎత్తే ముందు కూడా. పాపలు పెద్దవై ఉన్న కళ్ళలోకి టార్చి కొడితే నొప్పి పుడుతుంది, చెయ్యి అడ్డం పెట్టుకునే వీలు ఆమెకు లేదు. గంట గంటకీ కంటిపాపలు చూడమని ఉన్న ఆర్డర్‌ని డాక్టర్‌తో మాట్లాడి షిఫ్ట్‌కి ఒకసారి చేయించాం. తలకి దెబ్బ తగిలిన కేసు కాదు ఇది, గంటకోసారి చూసి చేసేదేమీ లేదు.

మూడోది నొప్పి, నిద్ర. ఇక్కడ మా స్కేళ్ళేవీ పనికిరావు. మత్తు కొలిచే స్కేలు కదలికని బట్టి, నొప్పి కొలిచే స్కేలు ముఖకవళికని బట్టి. ఈమెకి రెండూ లేవు. మిగిలింది పల్స్, బీపీ. కానీ కట్లపాము విషం వాటిని కూడా పెంచుతుంది, ఈమెకి ఊరికే ఉన్నప్పుడే పల్స్ 110. కాబట్టి ఒక్క అంకె చూసి లాభం లేదు, పనికి ముందూ తర్వాతా మధ్య తేడా చూడాలి. చెప్పకుండా సక్షన్ చేసినప్పుడు పల్స్ 110 నుంచి 145కి పోయి, దిగడానికి చాలాసేపు పట్టేది. చెప్పి చేసినప్పుడు 125 దాకా వెళ్ళి త్వరగా దిగేది. రెండో రోజు మధ్యాహ్నం మా సిస్టర్ ఒకామె ఈ తేడాని చార్టు మార్జిన్‌లో పెన్సిల్‌తో రాసింది. మెదడు పనిచేస్తోందని మాకు దొరికిన మొదటి ఆధారం అదే. దాన్ని చూపిస్తే డాక్టర్ నొప్పికి ఫెంటానిల్ చిన్న డోసులో కొనసాగించి, రాత్రిపూట నిద్రకి మిడజోలం రాశారు. రాత్రి పదకొండు తర్వాత ఆ మంచం వైపు లైట్లు ఆర్పేసేవాళ్ళం. పక్క మంచం అలారం మాత్రం ఆపలేకపోయాం.

మిగతా నర్సింగ్ ఏ వెంటిలేటర్ పేషెంట్‌కైనా చేసేదే: తల వైపు 30 డిగ్రీలు ఎత్తడం, నోరు శుభ్రం, గొంతు ట్యూబు చుట్టూ ఉండే గాలిబుడగ (కఫ్) ప్రెషర్ చూడటం, రెండు గంటలకోసారి పక్కకి తిప్పడం, కీళ్ళు ఆడించడం. రెప్పలు పూర్తిగా మూసుకోవు కాబట్టి కన్ను ఎండి పుండు పడకుండా చుక్కలు, ఆయింట్‌మెంట్ వేశాం. పొటాషియం 2.8కి పడింది, కట్లపాము కాటులో ఇది మామూలే. సరిచేశారు. నియమాల ప్రకారం వెంటిలేటర్ మీద ఉన్న ఒక్కరికి ఒక నర్సు ఉండాలి. నాకు ఆ షిఫ్టుల్లో ముగ్గురు పేషెంట్లు. ముగ్గురిలో అలారం మోగించనిది ఈమె ఒక్కతే. అందుకే పక్కన పడిపోయే ప్రమాదం కూడా ఈమెకే ఎక్కువ. ఊపిరి పైపు ఊడితే చెయ్యి ఊపలేదు, కాలు కొట్టలేదు. వెంటిలేటర్ డిస్‌కనెక్ట్ అలారం శబ్దం తగ్గించవద్దని మంచానికి కాగితం అంటించాం.

కుటుంబం

రెండో రోజు సాయంత్రం భర్త అన్న, ఊరి పెద్ద ఒకాయన వచ్చారు. పక్క ఊళ్ళో మంత్రం వేసే మనిషి ఉన్నాడు, ట్యూబు తీసి ఇస్తే తీసుకెళ్తామన్నారు. "ప్రాణం ఎప్పుడో పోయిందమ్మా, మిషన్‌తో ఆడిస్తున్నారు" అని పెద్దాయన నాతోనే అన్నాడు. కోపం తెచ్చుకుని లాభం లేదు. ఆయన కళ్ళకి కనబడింది అదే. కంటిపాపల సంగతి కూడా ఎవరో చెప్పి ఉంటారు. డాక్టర్ వచ్చి చెప్పారు: గుండె, కిడ్నీలు, మెదడు బాగున్నాయి, నరాల చివర్లు మాత్రమే దెబ్బతిన్నాయి, అవి తిరిగొస్తాయి, ఇప్పుడు ట్యూబు తీస్తే పది నిమిషాల్లో చనిపోతుంది. మంత్రగాడి తాడు కట్టుకోవాలంటే మంచానికి కట్టుకోమన్నారు, చేతికి వద్దు, అక్కడ ఐవీ లైన్ ఉంది. అత్తగారు మంచం కడ్డీకి ఎర్రతాడు కట్టింది. ఆ తాడు వల్ల కుటుంబం ఉండిపోయిందని నా నమ్మకం. దాన్ని తీసేయమని చెప్పిన ఒక స్టాఫ్‌ని నేనే ఆపాను.

భర్త మాత్రం ఒక్కటే అడిగాడు: "వినపడుద్దా సిస్టర్ గారూ?" వినపడుతుంది, మాట్లాడమన్నాను. ఏం మాట్లాడాలో తెలియక కాసేపు నిలబడి, పిల్లలు అమ్మమ్మ దగ్గరున్నారని, గేదె ఈనిందని, నాట్లు ఇంకా రెండెకరాలు మిగిలాయని చెప్పాడు. పల్స్ 112 నుంచి 98కి దిగింది. ఆ అంకె అతనికి చూపించాను. మర్నాటి నుంచి పిలవకుండానే వచ్చేవాడు.

మూడో రోజు సాయంత్రం తడిగుడ్డతో ఒళ్ళు తుడుస్తుంటే కుడికాలి బొటనవేలు కదిలినట్టు అనిపించింది. కాలు వదిలి, పక్కకి వచ్చి "అమ్మా, వింటున్నావా? వింటుంటే ఆ వేలు మళ్ళీ కదుపు" అన్నాను. కదిలింది. ఒకసారి కదిపితే అవును, రెండుసార్లు కదిపితే కాదు అని చెప్పి పెట్టుకున్నాం. వేలు త్వరగా అలిసిపోయేది, వరసగా మూడు ప్రశ్నలకి మించి అడగకూడదని షిఫ్టులన్నిటికీ రాసిపెట్టాం. నొప్పి ఉందా? కాదు. దాహమా? అవును. నోరు తడిపాం. ఇంకా దాహమా? అవును. ఐసీయూలో మేం రోజూ చార్టు రాసే జబ్బుల్లో దాహం ఉండదు. ఆమె ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ అడిగినప్పుడల్లా అదే చెప్పింది.

కోలుకోవడం

ఐదో రోజుకి రెప్పలు సన్నగా తెరుచుకున్నాయి, దగ్గు వచ్చింది. గొంతుకి రంధ్రం చేసి ట్యూబు వేద్దామా అన్న చర్చ ఆ రోజుతో ఆగిపోయింది. ఆరో రోజు ఊపిరి తనే తీసుకోవడం మొదలుపెట్టింది. ట్యూబు తీసే ముందు చూడాల్సింది మళ్ళీ మెడే: దిండు మీంచి తల ఎత్తి 5 సెకన్లు నిలపగలగాలి. ఏడో రోజు ఉదయం నిలిపింది, ట్యూబు తీశారు. పదో రోజు డిశ్చార్జ్.

వార్డుకి మారాక గొంతు బొంగురుగా, నెమ్మదిగా ఆమె చెప్పిన సంగతులు రాసుకున్నాను. పెద్దాయన మాటలు అన్నీ విన్నది. ట్యూబు తీసేస్తారేమోనని భయపడింది, వద్దని చెప్పే దారి లేదు. సూదుల కంటే, చెప్పకుండా పెట్టిన సక్షన్ ఎక్కువ బాధపెట్టింది. రాత్రో పగలో తెలియకపోవడం పెద్ద బాధ. వారం పేరు చెప్పినప్పుడు రోజులు లెక్కపెట్టుకుంది. లైట్ల కింద ఎవరో నవ్వుతూ సినిమా గురించి మాట్లాడుకున్నది కూడా గుర్తుంది. దాని గురించి ఫిర్యాదు చేయలేదు, కాస్త ధైర్యంగా అనిపించిందంది. నాకు ఆశ్చర్యమేసింది. పేషెంట్ దగ్గర మౌనంగా ఉండాలని మేం నేర్చుకున్నదానికి ఇది సరిపోలేదు. ఆమెని కలవరపెట్టింది ఆమె గురించి మాట్లాడిన మాటలే.

వెళ్ళేటప్పుడు చెప్పినవి: మంచం మీదో మడతమంచం మీదో పడుకోవాలి, నేల మీదయితే దోమతెర కట్టి అంచులు పరుపు కిందికి దోపాలి. రాత్రి బయటికెళ్తే టార్చి. ఏఎస్‌వీ వల్ల వారం, రెండు వారాల తర్వాత జ్వరం, కీళ్ళనొప్పులు, దద్దుర్లు రావచ్చు, వస్తే విషం తిరగబెట్టిందని మంత్రగాడి దగ్గరికి పోకుండా మా దగ్గరికి రావాలి. ఈ చివరిది చాలామందికి చెప్పరు. కాటు తర్వాత పదమూడో రోజు ఆమె మోకాళ్ళు వాచి, ఒంటి మీద దద్దుర్లతో ఓపీకి వచ్చింది. ఏఎస్‌వీకి ఆలస్యంగా వచ్చే ఈ రియాక్షన్‌నే సీరం సిక్‌నెస్ అంటారు. ఐదు రోజుల స్టెరాయిడ్ మాత్రలతో తగ్గింది.